ఆదిరోగి

కరోనా గురించి ఎక్కడ మాటొచ్చినా కాస్త ఆగి, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, "మీకందరికీ తర్వాత వచ్చిందండీ. నాకు అంతకు ముందే వచ్చి పోయింది" అనే పెద్దమనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. వీధిలో లేకపోతే మీ ఆవిడ తరఫు చుట్టాల్లో వెతకండి. మా కాకినాడలో మాకు దక్కినాయన మా అపార్టుమెంటు రెండో అంతస్తులోనే ఉంటాడు. పార్కులో వాకింగుకొచ్చే బృందం ఆయనకి ఆదిరోగి అని పేరు పెట్టింది. ఎదురుగా ఎవరూ అనరు. అన్నా ఆయన బాధపడే రకంలా కనపడడు.

ఆయన ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఇన్‌వార్డు, అవుట్‌వార్డు రిజిస్టర్ల మధ్యే గడిచింది. కాగితం లేని సంగతి నమ్మడు. పెన్షను ఆగకుండా ఉండాలంటే తాను బతికే ఉన్నానని ఏటా సర్టిఫికెట్టు దాఖలు చేసుకోవాల్సిన మనిషికి కాగితమంటే భక్తి ఉండటంలో వింతేముంది? పెళ్లి శుభలేఖ మొదలుకుని మొన్నటి గ్యాసు రసీదు దాకా అన్నీ ఉన్నాయి. ఆయన జీవితంలో కాగితం లేని సంఘటన ఒక్కటే. ఖర్మ కొద్దీ, ఆయన అన్నిటికంటే ఎక్కువ చెప్పుకునేది దాని గురించే.

ఆ కథకి ఎక్కువకాలం నిలిచిన కూర్పు సంక్రాంతిది. 2020 పండక్కి ఆయనకి జలుబు చేసింది. పొడిదగ్గు. రెండ్రోజులు ఒళ్లు వెచ్చబడింది. కనుమ నాటికి నోటికి రుచి పోయింది.

"అరిసె కొరికితే అట్టముక్క నమిలినట్టుందండీ బాబూ. బెల్లం వేసిన జాడే లేదు. అప్పుడే అనుకున్నాను, ఇది మామూలు జలుబు కాదని."

ఇక్కడికి రాగానే వంటింట్లోంచి ఆవిడ అందుకుంటుంది. "ఆ ఏడు పాకం ముదిరిపోయిందండీ. అట్టముక్కల్లా ఉన్నాయని మా ఆడపడుచూ అంది. మరి ఆవిడకేం రోగం?"

"ఇంగువ వాసన కూడా తెలీలేదే నాకు!"

"అత్తయ్యగారికి పడటం లేదని ఆ పండక్కి ఇంగువ డబ్బా ముట్టుకుంటే కదా."

ఈ వాంగ్మూలాన్ని ఆయన రికార్డులోకి ఎక్కించుకోడు.

కాకినాడ దాకా ఎలా వచ్చిందండీ అంటారా, దానికీ జవాబుంది. ఆయన తోడల్లుడి మేనల్లుడు ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదివేవాడు. సెలవులకి వస్తూ సింగపూరులో విమానం మారాడు. సింగపూరు విమానాశ్రయంలో చైనావాళ్లు ఉండక మానరు. ఆ కుర్రాడు పండక్కి రాజమండ్రి వచ్చాడు. భోగినాడు వాడు పంచిన పేకముక్కలు ఈయన చేతిలో పడ్డాయి. కుర్రాడికి కనీసం తుమ్మయినా రాలేదు కదండీ అని మేం అడగబోతే, "లక్షణాల్లేకుండా అంటించేవాళ్లుంటారు, మీరు పేపరు చదవరా?" అంటాడు. ఆ మాట నిజమే, ఉంటారు. ఆదిరోగితో వాదనకి దిగి ఎవరూ నెగ్గకపోవడానికి కారణం ఇదే. ఆయన చెప్పే పది మాటల్లో తొమ్మిది డాక్టర్లు చెప్పినవే. పదోది మాత్రం సొంతం.

చలికాలంలో ఫ్లూ తిరగడం మనకి కొత్త కాదు. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ ఆ తర్వాత ఏదో ఒక చలికాలంలో పలకరిస్తూనే ఉంది. ఈయనకి వచ్చింది అదైనా కావచ్చు, ఒట్టి పడిశమైనా కావచ్చు. అప్పుడు పరీక్ష చేసినవాళ్లు లేరు గనక ఏదీ కాదని చెప్పడానికీ లేదు. ఆ సందులోనే ఆయన కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

కాకపోతే తేదీ మాత్రం ఒకచోట కుదురుగా ఉండదు. 2020 మార్చి 12న మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులో తేలింది, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. అది చదివి, "ఫిబ్రవరిలో నాకొచ్చింది ఇదేనేమో" అని తొలిసారి నోరు విప్పాడు. దానికంటే ముందే మార్చి 2న హైదరాబాదులో దుబాయి వెళ్లొచ్చిన ఇంజనీరుకి తేలింది కదా అని ఎవరో అంటే జనవరి నెలాఖరుకి వెళ్లాడు. దేశంలో మొట్టమొదటిది జనవరి 30న కేరళ త్రిస్సూరులో, వూహాన్ నుంచి వచ్చిన వైద్య విద్యార్థినికి అని ఇంకెవరో అనేసరికి సంక్రాంతికి చేరాడు. అక్కడ చాలాకాలం హాయిగా ఉన్నాడు. అరిసెలు, పేకాట, సింగపూరు అన్నీ అమరిన తేదీ అది.

ఇంతలో ఫ్రాన్సు దెబ్బకొట్టింది. పారిస్ దగ్గర 2019 డిసెంబరు 27న ఆసుపత్రిలో చేరిన ఒక రోగి నమూనాని దాచి ఉంచి, తర్వాత పరీక్షిస్తే కరోనా అని తేలిందట. ఆ సాయంత్రం పార్కులో ఆయన మొహం చూడలేకపోయాం. మర్నాటికి తేరుకున్నాడు.

"సంక్రాంతికి నాకు వచ్చింది రెండోసారండీ. మొదటిసారి కార్తీకమాసంలోనే. వనభోజనాల నుంచి వచ్చాక గొంతు పట్టేసింది, మీకు గుర్తులేదా?"

వూహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియా కేసులున్న సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెవిన పడిందే 2019 డిసెంబరు 31న. అప్పటికి మావాడు ఉసిరిచెట్టు కింద భోంచేసి, జబ్బుపడి, కోలుకుని కూర్చున్నాడన్నమాట. రికార్డుల్లో నెల్లూరు పేరుండటం మాత్రం ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు. "ఉండాల్సింది కాకినాడండీ. మనవాళ్లకి ప్రచారం చేతకాదు" అంటాడు. జిల్లా అభిమానం అలాంటిది.

ఇక ఫైలు. ఆయన ఇంటికి వెళ్లి ఆ ఫైలు చూడకుండా బయటపడ్డవాడు మా అపార్టుమెంటులో లేడు. ఆఫీసు నుంచి తెచ్చుకున్న దళసరి అట్ట, మూలన కన్నం, కన్నంలోంచి తెల్లట్యాగు. పేజీలకి ఎర్రసిరాతో నంబర్లు. పైన విషయ సూచిక. మొదటి పేజీలో మొదటి డోసు నాటి చీటీ. అరవై దాటినవాళ్లకి 2021 మార్చి 1న టీకాలు మొదలైతే, ఆయన అదే వారం పొద్దున్నే స్నానం చేసి బొట్టుపెట్టుకుని మరీ వెళ్లాడు. కోవాగ్జినే కావాలని పట్టుపట్టి వేయించుకున్నాడు. "మన హైదరాబాదులో, మన జీనోమ్ వ్యాలీలో తయారైంది ఉండగా పుణేది మనకెందుకండీ?" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

తర్వాతి పేజీల్లో మొదటి డోసు సర్టిఫికెట్టు, రెండు డోసుల సర్టిఫికెట్టు, 2022లో వేయించుకున్న ప్రికాషన్ డోసుది. ఒక్కొక్కటీ రెండు కాపీలు, కలరు ఒకటి, నలుపు ఒకటి. ప్రధానమంత్రి బొమ్మ మీద ట్యాగు కన్నం పడకుండా స్కేలు పెట్టి కొలిచి గుద్దాడు. ఇవి కాక లామినేషన్ చేయించినది గోడకి, చిన్న ప్లాస్టిక్ కార్డుగా కొట్టించినది పర్సులో ఓటరు కార్డు వెనక. మనవడి పోలియో చుక్కల కార్డు కూడా ఈ ఫైల్లోనే ఉంది. కింద అంతస్తు వాళ్ల కుక్కకి వేయించిన రేబిస్ టీకా పుస్తకం జిరాక్సు కూడా ఉంది. అదెందుకండీ అంటే, "రేపు కరిస్తే?" అన్నాడు.

మొదటి సర్టిఫికెట్టులో ఆయన పేరు మధ్యలోంచి 'వెంకట' ఎగిరిపోయింది. ఆధార్‌లో ఉంది, ఇక్కడ లేదు. కోవిన్‌లో తప్పు దిద్దుకోవడానికి అవకాశం ఒక్కసారే. ఒక్కసారే అంటే ఆయనకి చెమటలు పట్టాయి. ముందు తెల్లకాగితం మీద డ్రాఫ్టు రాశాడు. దాన్ని ఎర్రసిరాతో దిద్దాడు. ఫెయిర్ కాపీ చేసి సంతకం పెట్టి తేదీ వేశాడు. అప్పుడు ఫోను తీశాడు. ఓటీపీ వచ్చింది. ఓటీపీని ముందు ఇన్‌వార్డు పుస్తకంలో రాసుకోవడం ఆయన పద్ధతి. రాసుకుని తలెత్తేసరికి దాని గడువు అయిపోయింది. ఇలా ఆ పూటంతా నడిచాక మనవడు వచ్చి ఫోను లాక్కుని పని ముగించాడు.

ఫైలు విప్పిన ఒక సాయంత్రం ఆయన తల్లి కూడా అక్కడే మంచం మీద ఉంది. తొంభైకి అటూఇటూ ఉంటుంది. కొడుకు ప్రికాషన్ డోసు దాకా వచ్చేసరికి ఆవిడ విసుక్కుని, రవికె చెయ్యి పైకి లాక్కుని మోచేతికి పైన చూపించింది. రూపాయి బిళ్లంత మచ్చలు రెండు, అంచులు ముడతలుపడి. మశూచి టీకాలవి. "టీకాలవాడు ఊళ్లోకొచ్చాడంటే గడ్డివాము వెనక దాక్కునేవాళ్లం. పట్టుకుని పళ్లబిళ్ల పెట్టి గిర్రున తిప్పేవాడు. చీము పట్టేది, జ్వరం వచ్చేది. నాకెవడూ కాయితం ఇవ్వలేదురా" అంది. 1977లో మన దేశం నుంచి మశూచి పోయిందని ప్రకటించారు, అందులో ఆవిడ వంతూ ఉంది. కొడుకు ఒక్క నిమిషం ఆలోచించి, "అమ్మా, ఆ మచ్చల్ని ఒక ఫొటో తీసి పేజీ నంబరు వేసుకుంటాను" అన్నాడు. ఆవిడ రవికె చెయ్యి కిందికి లాగేసుకుంది.

ఇన్ని కాగితాలున్నా అడిగే నాథుడు లేకపోవడం ఆయన దుఃఖం. 2021 సెప్టెంబరులో తిరుమల దర్శనానికి రెండు డోసుల సర్టిఫికెట్టో, మూడు రోజుల్లోపు చేయించుకున్న నెగెటివ్ రిపోర్టో తేవాలన్నారు. వెంటనే టికెట్లు బుక్ చేశాడు. అంతకుముందు మొక్కు ఏదీ బాకీ ఉన్నట్టు లేదు. అలిపిరి దగ్గర వంతు రాగానే ఫైలు విప్పి, విషయ సూచిక దగ్గర వేలు పెట్టాడు. అక్కడున్నాయన సర్టిఫికెట్టు చూసి, సరేనండీ వెళ్లండి అన్నాడు. అంతే. "మూడో పేజీ కూడా చూడండి" అని ఈయన, "వెనక జనం ఉన్నారు" అని ఆయన. దర్శనం బాగా అయిందట. ఆ సంగతి మాత్రం ముక్తసరిగా చెప్పాడు.

రోగానికీ ఒక కాగితం సంపాదించాలన్న పట్టుదల ఆయనకి ఆ ఏడు వేసవి తర్వాతే వచ్చింది. ల్యాబుకి వెళ్లి యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నాడు. ఉన్నాయని వచ్చింది. ఎగిరి గంతేసి, డాక్టరు చదివిన మేనకోడలికి ఫోను చేశాడు.

"టీకా వేయించుకున్న ఎవరికైనా వస్తాయి మావయ్యా అవి. వైరస్ పైనుండే ముళ్ల మీద పనిచేసేవి."

"మరి రోగం వచ్చినవాళ్లకే వచ్చేవి లేవా?"

"ఉన్నాయి, లోపలి ప్రోటీను మీద వచ్చేవి. దానికి వేరే పరీక్ష."

ఆ పరీక్షా చేయించాడు. అదీ పాజిటివే. ఆ పూట మా అపార్టుమెంటులో ప్రతి గడపకీ కాజాలు అందాయి. కరోనా వచ్చిందని తేలితే తీపి పంచిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. రాత్రికి మేనకోడలు మళ్లీ ఫోను చేసింది.

"మావయ్యా, మీరు వేయించుకున్నది కోవిషీల్డా, కోవాగ్జినా?"

"కోవాగ్జిన్. మన జీనోమ్ వ్యాలీ..."

"అయితే లాభం లేదు. అందులో చంపిన వైరస్‌ని మొత్తంగా ఇస్తారు. పైదీ లోపలిదీ రెండూ టీకాలోనే ఉంటాయి. రెండింటికీ యాంటీబాడీలు టీకా వల్లే వచ్చి ఉండొచ్చు."

అవతల కాసేపు చప్పుడు లేదట. "పోనీ, పుణేది వేయించుకుని ఉంటే తేలేదా?"

"వచ్చిందని తేలేదేమో. ఎప్పుడొచ్చిందో తేలదు. రక్తం మీద తేదీ ముద్ర ఉండదు కదా మావయ్యా. అయినా జూన్, జూలైల్లో ఐసీఎంఆర్ దేశమంతా చూస్తే 67.6 శాతం మందికి ఉన్నాయి, మీరొక్కరే కాదు."

"నేనొక్కణ్ణే అని ఎవరన్నారమ్మా? ఆ 67.6 శాతంలో మొదటివాణ్ణి నేనంటున్నాను."

2021 ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆయన ఈ కథ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంబులెన్సుల మోత వినపడుతుంటే ఎత్తే కథ కాదని ఆయనకీ తెలుసు. పద్ధెనిమిది నిండినవాళ్లకి టీకాలు తెరిచాక స్లాట్లు దొరక్క జనం అల్లాడుతుంటే, రాత్రి పన్నెండింటికి లేచి ఫోను పట్టుకు కూర్చునేవాడు. ఒక నంబరు మీద నలుగురికే రిజిస్ట్రేషను. తన నంబరు నిండాక వాళ్లావిడ నంబరు, అదీ నిండాక నా నంబరు. వాచ్‌మన్ కొడుకు, ఇస్త్రీ బండి అతను, పనమ్మాయి, ఆ అమ్మాయి మరిది, అందరి సర్టిఫికెట్లూ ఆ ఫైల్లోనే ఉన్నాయి, విడివిడి ట్యాగులతో. ఇస్త్రీ అతను దుబాయి వెళ్దామనుకున్నప్పుడు సరాసరి రెండో అంతస్తుకే వచ్చాడు. "అయ్యగారండీ, నా కాయితం మీ దగ్గరుందటండీ" అన్నాడు. ఆయన రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఒరిజినల్ కాదు, కాపీ.

మొన్నీమధ్య పార్కులోకి కొత్తాయన వచ్చాడు. అమెరికాలో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి తిరిగొచ్చిన మూడో అంతస్తు పెద్దమనిషి. మాటల్లో మాటగా, "నాకు అసలు దసరాకే వచ్చిందండీ. 2019 దసరా. ఎడిసన్‌లో. దగ్గూ ఆయాసమూ చూసి అక్కడి డాక్టరే బుర్ర గోక్కున్నాడు" అన్నాడు. మేమందరం నడక ఆపేశాం. కార్తీకానికి ముందు ఆశ్వయుజం. ఇందులో వాదనకి తావు లేదు.

ఆదిరోగి నింపాదిగా అడిగాడు. "దసరాకి అక్కడున్నారు, బాగానే ఉంది. వినాయక చవితికి ఎక్కడున్నారండీ?"

"ఇక్కడే. నిమజ్జనమయ్యాకే కదా విమానం ఎక్కింది."

"మన అపార్టుమెంటు పందిట్లో ప్రసాదం తిన్నారా?"

"తిన్నాను. పులిహోర."

"వడ్డించిందెవరు?"

అవతలాయన గుర్తుచేసుకున్నాడు. "మీరే కదండీ."

"అదీ సంగతి. గొంతులో గరగర అప్పుడే మొదలైందండీ నాకు" అన్నాడు ఆదిరోగి, ఆయన భుజం మీద చెయ్యివేసి. "ఏమీ అనుకోకండి. అప్పటికింకా మాస్కులు రాలేదు."