అవగాహన బాబాయి

ప్రతి ఊళ్ళోనూ ఒక అవగాహన బాబాయి ఉంటాడు. ఊరిని బట్టి ఆయన రిటైరైన హెడ్మాస్టరు కావచ్చు, బట్టల కొట్టాయన కావచ్చు. నూజివీడులో అయితే మామిడితోట ఉన్నవాడే అయ్యుంటాడు. ఈ పనికి ముందుగా కావలసింది తీరిక మరి. వేసవంతా కోతలు, కాటాలు, నున్న మార్కెట్టు. వానలు పడ్డాక కొమ్మ కత్తిరింపులు, ఎరువులు. అక్టోబరు వచ్చేసరికి తోటకి నీళ్ళు కూడా పెట్టకూడదు, ఎండగడితేనే పూత. చెట్టు పడుకుంటుంది, రైతు లేస్తాడు. మళ్ళీ పూతా, దాని వెనకే తేనెమంచు పురుగూ వచ్చేదాకా ఆయన్ని ఊరు భరించాలి.

మా నాన్నగారి తమ్ముడు ఈ తీరికని ఒక్కరోజు కూడా వృథా పోనివ్వడు. సెప్టెంబరు 29 గుండె దినం, నవంబరు 14 షుగరు దినం, డిసెంబరు 1 ఎయిడ్స్ దినం. నడుమ అక్టోబరు మొత్తం నాది. నాది అంటే రొమ్ము క్యాన్సరుది. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయ్యి, ఇప్పుడు రోజూ ఒక మాత్ర మింగుతూ తిరుగుతున్నదాన్ని. మా బాబాయి భాషలో "క్యాన్సర్ మహమ్మారిని జయించిన వీరవనిత". నేనేం జయించానో నాకు తెలీదు. సూది గుచ్చమన్న చోట గుచ్చించుకున్నాను, వాంతి వస్తే చేసుకున్నాను, అగిరిపల్లి మీదుగా బెజవాడ బస్సులో ప్రతి స్పీడు బ్రేకరుకీ చంక పట్టుకుని కూర్చున్నాను. ఇందులో వీరత్వం ఉంటే సగం డ్రైవరుకి ఇవ్వాలి.

ఆయన అవగాహనంతా ఒక ట్రంకుపెట్టెలో ఉంటుంది. కత్తెర, పిన్నీసులు, రెండు శాలువాలు, తేదీ దగ్గర కాగితం అంటించి మళ్ళీ మళ్ళీ వాడే ఫ్లెక్సీలు. ఆ శాలువాలు ఊళ్ళో ఇప్పటికి ఎంతమంది భుజాల మీద వాలాయో లెక్కలేదు. కప్పుతాడు, ఫొటో అవగానే "మడత నేను పెడతాలే" అని వెనక్కి తీసుకుంటాడు. ఎయిడ్స్ దినానికి కొన్న ఎర్ర రిబ్బన్లు చాలా మిగిలితే, అటక మీద రేకుల వేడికి వెలిసి గులాబీకి తిరిగాయి. ఆ పెట్టె తెరిచిన రోజు ఆయన మొహం చూడాలి.

"చూశావా అమ్మడూ, దేవుడే రంగు మార్చాడు!"

దేవుడు కాదు బాబాయ్, లాయర్లు అన్నాను. కీమో రోజుల్లో ఇచ్చే స్టెరాయిడు మాత్రలకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఆ జాగారాల్లో ఫోను పట్టుకుని ఈ రిబ్బను పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివేశాను. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అని 68 ఏళ్ళ పెద్దావిడ, ఇంట్లో వాళ్ళకి ఈ జబ్బు రావడం చూసి, భోజనాల గదిలో కూర్చుని రిబ్బన్లు కత్తిరించి కార్డులకి తగిలించి పంచేది. ఆ రిబ్బను గులాబీ రంగుది కాదు, పీచుపండు రంగు. సువర్ణరేఖ బుగ్గ మీద ఎరుపు వచ్చి పసుపులో కలిసే చోట ఉంటుందే, అలాంటిది. కార్డు మీద ఒక లెక్క ఉండేది: జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్టు 180 కోట్ల డాలర్లు, అందులో జబ్బు రాకుండా చూసే పనికి పోయేది 5 శాతమే, అడగండి అని. 1992లో సెల్ఫ్ అనే పత్రికా, ఎస్టే లాడర్ అనే సౌందర్య సామగ్రి కంపెనీ వచ్చి కలిసి పనిచేద్దామన్నాయి. మీది వ్యాపారం, నేను రానంది పెద్దావిడ. అయితే రంగు మార్చుకోండని పత్రిక వాళ్ళకి లాయర్లు సలహా ఇచ్చారు. అలా గులాబీ వచ్చింది. కార్డు మీది లెక్క పోయింది, రిబ్బను మిగిలింది.

బాబాయి ఇదంతా శ్రద్ధగా విని, "అయితే ఈసారి పీచు రంగులో కూడా కొన్ని చేయిద్దామంటావా?" అన్నాడు.

పింక్ వాక్ గాంధీబొమ్మ సెంటర్ దగ్గర మొదలవుతుంది. హాజరు వేస్తామంటే వచ్చిన కాలేజీ పిల్లలు, గులాబీ కండువాలు, ముందు డప్పులు. ఆ కండువాతో ఫొటో వాట్సాప్‌లో పెట్టిన రోజు ఖమ్మం నుంచి మా మేనత్త కొడుకు ఫోను: "మామయ్య కారెక్కాడా? ఆంధ్రాలో మనకి పార్టీ ఎక్కడుందే?" సరిహద్దు అవతల ఆ రంగుకి అర్థం ఒకటేనాయె. ఫ్లెక్సీ మీద నెట్టులోంచి దించిన విదేశీ అమ్మాయి ఉంటుంది. నున్నటి గుండు, గులాబీ స్కార్ఫు, తళతళలాడే పళ్ళు. ఇక్కడ కీమోలో ఉన్నదెవరూ అలా ఉండదు. నైటీ మీద తువ్వాలు వేసుకుని, నోట్లో పుళ్ళతో, పెరుగన్నంలో ఉప్పు కూడా మంటగా ఉందని విసుక్కుంటూ ఉంటుంది. ఆ అమ్మాయి పక్కన స్పాన్సరు బొమ్మ. ఆయనది పురుగుమందుల కొట్టు.

ఇది చూసి నవ్వబోయి ఆగాను. అసలు ఈ అక్టోబరు నెల సంగతే అంత. 1985లో దీన్ని అవగాహన మాసంగా మొదలుపెట్టింది అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, దాంతోపాటు ఐసీఐ అనే బ్రిటిష్ కంపెనీ మందుల విభాగం. నేను మింగే టామాక్సిఫెన్ వాళ్ళు కనిపెట్టిందే. మన రైతులు కలుపు మీద కొట్టిన పారాక్వాట్‌ని బజార్లోకి తెచ్చిందీ ఆ కంపెనీయే. ఆ మాత్ర ఎంతోమందిని నిలబెట్టింది, దాన్ని తప్పుపట్టే కృతఘ్నురాలిని కాను. అంత పెద్ద కంపెనీ చేసినప్పుడు మన కొట్టాయన చేస్తే తప్పేముందిలే అనుకున్నాను, అంతే.

వేదిక మీద బాబాయి మైకు పట్టుకుంటే అరగంట. ఆ అరగంటలో రొమ్ము అనే మాట మాత్రం రాదు. "మహిళలకి వచ్చే... ఆ భాగానికి సంబంధించిన... మాతృమూర్తులకి..." అని చెయ్యి గాల్లో తిప్పుతాడు. వెనక వరసల్లో వాళ్ళు మోకాళ్ళ నొప్పుల మీటింగనుకుని తైలం ఇస్తారేమోనని కూర్చున్నారు. తర్వాత నన్ను పైకి పిలిచారు. రిబ్బను పెట్టడానికి వచ్చిన ఇంటర్ పిల్ల పిన్నీసు తెరిచి నా పవిట దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఎడమ వైపు పెట్టాలి, నా ఆపరేషను అటువైపే. చేతులు వణుకుతున్నాయి.

"గుచ్చమ్మా, భయం లేదు. అక్కడున్నది దూది" అన్నాను.

మైకు ఆన్‌లోనే ఉంది. ముందు వరస పెద్దమనుషులందరూ ఒక్కసారి పైనున్న ఫ్యాను వంక చూశారు. తైలం కోసం కూర్చున్న ముసలమ్మలు మాత్రం పగలబడి నవ్వారు. ఆ రోజు అవగాహన ఎవరికైనా కలిగిందంటే వాళ్ళకే. బాబాయి తేరుకుని, రాయిలాంటి మెమెంటో తెచ్చి సరిగ్గా ఆ ఎడమ చేతిలోనే పెట్టాడు. చంకలో గడ్డలు తీశాక ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు, బీపీ పట్టీ చుట్టించుకోవద్దన్నారు, వాపొస్తే ఒక పట్టాన పోదు. అందరూ చప్పట్లు. అవగాహన సభలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అక్టోబరుతో పోతే బాగుండేది. మొన్న మేలో బంగినపల్లి పెట్టెల మీద గులాబీ స్టిక్కర్లు వేయించాడు: "పెట్టె కొనండి, క్యాన్సర్‌కి ఒక రూపాయి ఇవ్వండి." క్యాన్సర్‌కెందుకు బాబాయ్, దానికి బాగానే గడుస్తోంది, పేషెంట్లకివ్వచ్చుగా అన్నాను. నా దగ్గర ప్రశ్నలు కూడా సిద్ధంగా ఉన్నాయి. 2002లో బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అని అమెరికాలో ఒక సంఘం ఈ గులాబీ సరుకు మీద జనం వేయాల్సిన ప్రశ్నలు రాసి పెట్టింది. డబ్బు ఎంత పోతుంది? ఎవరికి పోతుంది? ఈ సరుకు వల్లే ఒంటికి చేటుందా? 2010లో కేఎఫ్‌సీ వాళ్ళు వేయించిన కోడిని గులాబీ బకెట్లలో పెట్టి, బకెట్టుకి 50 సెంట్లు రొమ్ము క్యాన్సర్ సంస్థకి అన్నప్పుడు ఈ ప్రశ్నలే వాళ్ళని ఉతికి ఆరేశాయి. మా బాబాయిని అడిగితే మొదటి రెండింటికీ జవాబు ఒకటే వచ్చింది: స్టిక్కర్ల ప్రెస్సాయనకి. మూడోది అడగబోతే, కాయ మగ్గబెట్టడానికి ఏం వాడారో చెప్పాల్సొస్తుందని మాట మార్చి ఎండల మీదకి వెళ్ళాడు.

ఇన్ని మాటలంటున్నానా, ఆ ఆపరేషనప్పుడు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పడుకున్నది ఆయనే. ఇంటికి పంపేటప్పుడు గాయం దగ్గర గొట్టం పెట్టి, దాని చివర డబ్బా తగిలిస్తారు. అందులో చేరే నీరు రోజూ కొలిచి రాయాలి, రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి దిగితేగాని గొట్టం తీయరు. మా ఆయన అది చూస్తే కళ్ళు తిరుగుతాయన్నాడు. బాబాయి పొద్దున్నే వచ్చి, డబ్బా వంచి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కొలిచేవాడు. తోట కాటా పుస్తకంలో, రసాలు ఇన్ని టన్నులు, కలెక్టరు కాయ ఇన్ని టన్నులు అన్న లెక్కల కింద, "అమ్మాయి: 110", "అమ్మాయి: 85" అని రాశాడు. దాని మీద ఫ్లెక్సీ వేయలేదు, ఎవరికీ చెప్పలేదు. అంత పని చేతులతో చేసిన మనిషి ఆ చేతులకి రిబ్బను దొరగ్గానే ఎందుకలా అయిపోతాడో నాకు అంతుపట్టదు.

పైగా ఆ అవగాహన జబ్బు నాకూ అంటుకుంది. రిబ్బను లేదు గానీ నోరుంది. ఆవకాయ రోజుల్లో ఎవరింట్లో కాయలు కొడుతుంటే అక్కడ నేను తయారు. జీడి తీస్తున్న వాళ్ళ మధ్య కూర్చుని, "వదినా, స్నానం చేసేటప్పుడు చూసుకుంటున్నావా? నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి, నొప్పి లేదని వదిలేయకు" అని మొదలుపెడతాను. ఈ ఏడు నన్ను చూసి మా తోడికోడలు కత్తిపీట వదిలేసి పొయ్యి మీద ఏదో మాడుతోందని వెళ్ళింది. పొయ్యి వెలిగించనే లేదు.

నా నస ఊరకే కాదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు అక్కడి మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద 20 ఏళ్ళు పరిశోధన చేశారు. మెషీన్లు లేవు, లైట్లు లేవు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు, అంతే. 50 దాటినవాళ్ళలో ఈ జబ్బు చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో లెక్క తేలింది. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరినీ ఊళ్ళోనే ఇలా పరీక్షించాలని 2016లోనే కేంద్రం పద్ధతి రాసిపెట్టింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నది 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. చార్మినార్‌కి గులాబీ లైట్లు వేశారు, ఒక చెయ్యి మాత్రం కరువైంది.

ఈ లెక్క చెబితే బాబాయి ఉప్పొంగిపోయి, "0.9 అని పెద్దగా ఫ్లెక్సీ వేయిద్దాం" అన్నాడు. అప్పుడే పిన్ని టీ గ్లాసులు తీసుకుని వచ్చింది. ఏటా పింక్ వాక్‌కి వాకిట్లో గులాబీ రంగుముగ్గు వేసేదీ, పిల్లలకి మజ్జిగ కలిపేదీ, కండువాలు ఉతికి ఇస్త్రీ చేసేదీ ఆవిడే. నేను ఆవిడ వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

"పిన్నీ, నువ్వెప్పుడైనా చూపించుకున్నావా?"

గ్లాసులు కడుగుతూ కాసేపు పలకలేదు. లేదంది. అరవై దాటుతున్నాయి. రేపు ఏఎన్ఎం వస్తుంది, నేను పక్కనే ఉంటాను, అయిదు నిమిషాల పని అన్నాను. చేతులు కొంగుకి తుడుచుకుని, వరండాలో ఫ్లెక్సీవాడితో ఫోన్లో బేరమాడుతున్న బాబాయి వైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"వస్తాలే గానీ, మీ బాబాయికి మాత్రం చెప్పకే. స్టేజీ ఎక్కిస్తాడు."