మొరాయించిన మాట నిజమే

నా కంపెనీ పేరు చెప్పను. పుట్టింటి పరువు బజార్న పెట్టేంత కోపం నాకు లేదు. 1997లో పుట్టాను, కేఏ-05 నంబరు, పెట్రోలు బండిని, కార్బురేటర్ ఇంజను. ఆ వివరం చాలు. మా సారు మదనపల్లె మనిషి. బొమ్మసంద్రలో లేత్ మిషన్ మీద పని చేసి చేసి బొమ్మనహళ్ళిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

నాకు పట్టుకున్నది ఎండాకాలపు జబ్బు. పొద్దున ఆరింటికి తాళం తిప్పితే ఒక్క గిరుక్కుకే లేచేదాన్ని. హోసూరు రోడ్డు మీద సిల్క్ బోర్డు దాకా ఈడ్చుకుంటూ పోయేదాన్ని కూడా. 2010లో ఎలివేటెడ్ రోడ్డు తెరిచాక ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళంతా మా నెత్తి మీదుగా పోతున్నారు. కింద పొగ, మెటాడోర్లు, నేను. మడివాళ మార్కెట్ దగ్గర ఆపి, ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ తాళం తిప్పితే మాత్రం గిర్ర్... గిర్ర్... అంతే. సంత జనమంతా అటే చూసేవాళ్ళు. సారు మెడ ఎర్రబడేది. నలుగురు కుర్రాళ్ళు నన్ను తోసేవాళ్ళు.

2016 ఏప్రిల్‌లో అది మరీ ముదిరింది. ఫ్యాను అక్కర్లేని ఊరని గొప్పలు పోయే బెంగళూరు ఆ నెల 39.2 డిగ్రీలు చూసింది, అప్పటిదాకా ఎన్నడూ లేనంత. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది వేశారు. ఇంకొకాయన ప్లగ్గులు మార్చాడు. మూడో ఆయన సెల్ఫ్ మోటారు విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. ముగ్గురూ చేసింది తప్పని అనను. కానీ రోగం ఎక్కడుందని వెతికారే గానీ, ఎప్పుడొస్తుందని ఒక్కరూ అడగలేదు.

ఆ మాట అన్నది సారు భార్య, మా అమ్మగారు. బేగూరు రోడ్డు పక్క సందులో హిందూపురం పిల్లాడొకడు షెడ్డు పెట్టుకున్నాడు. వాడితో, "పొద్దున బాగానే లేస్తాది నాయనా. అంగడి కాడ నిలిపి, కూరగాయలు తీసుకొని వచ్చేలోపలే దీనికి రోగమొస్తాది. పెట్రోలు కంపు గూడా కొడతాది" అంది. వాడు చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం రెండింటికి నన్ను బాగా తిప్పి తెమ్మన్నాడు. తెచ్చి ఆపాక బానెట్ మూసే ఉంచి, ముగ్గురూ టీ తాగారు. ఇరవై నిమిషాల తర్వాత, తాళం ముట్టుకోకుండానే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఫోన్ టార్చితో నా గొంతులోకి చూశాడు. జెట్ మొన నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా లోపలికి రాలుతోంది. ఇంజను ఆగి ఉంది, ఎవరూ యాక్సిలరేటర్ తొక్కలేదు, అయినా రాలుతోంది.

"పాలు పొంగినట్ల పొంగుతాంది, చూడండక్కా" అన్నాడు.

నడిచేటప్పుడు చల్లటి పెట్రోలు పారుతూ ఉంటుంది, ఫ్యాను గాలి తగులుతూ ఉంటుంది. ఆపగానే ఆ రెండూ నిలిచిపోతాయి, ఇంజను వేడి మాత్రం పైకెక్కుతుంది. పెట్రోలు నీళ్ళలాగా ఒకే వేడికి మరిగే సరుకు కాదు. అందులోని తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపే ఆవిరవడం మొదలుపెడతాయి. దానికి తోడు బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, ఇంకాస్త తొందరగా మరుగుతుంది. కార్బురేటర్‌లోని గిన్నె పొంగి పెట్రోలంతా సిలిండర్ల దారి పడుతుంది. ప్లగ్గు విప్పితే తడిగా ఉంది. పొడిగా ఉండుంటే కథ వేరే: పెట్రోలు పైపులోనో పంపులోనో ఆవిరై దారి మూసుకుందని అర్థం, పంపు మీద తడిగుడ్డ వేస్తే తెలిసిపోతుంది. ప్లగ్గులో నిప్పురవ్వ రాకపోతే కాయిల్‌ని అనుమానించాలి. నాది మునిగిపోయిన కేసు, ఎండిపోయిన కేసు కాదు.

ఎందుకు మునిగానంటే, రెండేళ్ళ కిందట ఇంజను పని చేయించినప్పుడు కార్బురేటర్ కింద ఉండాల్సిన మందపాటి బేకలైట్ పలక విరిగిందట. దాని బదులు కాగితం ప్యాకింగ్ పెట్టి బిగించారు. వేడి మ్యానిఫోల్డ్‌కీ, పెట్రోలు గిన్నెకీ మధ్య అడ్డం లేకుండా పోయింది.

"అంటే మసిగుడ్డ లేకుండా గిన్నె దించినట్ల" అంది అమ్మగారు. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

జేసీ రోడ్డు నుంచి పలక తెచ్చి వేశాడు. పెట్రోలు పైపును కూడా వేడికి ఎడంగా తిప్పి కట్టాడు. ఎప్పుడైనా మళ్ళీ పొంగితే పెడల్ ఊరికే టపటపా కొట్టొద్దని, పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టమని, అప్పుడు గాలి ఎక్కువ పోయి మునిగిన ఇంజను తేరుకుంటుందని చెప్పాడు. బ్యాటరీ ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.

2025 ఆగస్టు నుంచి బొమ్మనహళ్ళిలోనే మెట్రో ఎక్కుతున్నారు ఇద్దరూ. నేను కానుగ చెట్టు కింద ఉంటాను. ఆదివారం బేగూరు దాకా తీసుకెళ్తారు. అంగట్లోంచి వచ్చి సంచి వెనక సీట్లో పెట్టి, "కాలు మొత్తం తొక్కి పట్టండి" అంటుంది అమ్మగారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. అయినా ఆయన తొక్కుతాడు. పెట్రోలు కాస్త ఎక్కువే పడుతుంది, ఒక గుటక వేసి లేస్తాను.