కుడి పేజీ ఏమైంది?

మా రోజుల్లో బొగ్గుపులుసు వాయువు ఎక్కించి పైరు పెంచే ప్రయోగం మొదలెడితే, సిలిండర్ల కంటే ముందు రిజిస్టరు వచ్చేది. ఎడమ పేజీలో అంకెలు. కుడి పేజీలో వాటి సంగతి: గాలి జోరుగా ఉంది, 550 పీపీఎం నిలవలేదు, రెండో చాంబరు షీటు చిరిగింది, ఎనలైజరు సరిచూశాం. కింద రాసినవాడి సంతకం.

ఇప్పుడు రీడింగులు నిమిషానికొకటి చొప్పున వాటంతటవే కంప్యూటర్లోకి చేరుతున్నాయి. మంచిదే. కానీ రిటైరై చెన్నైలో ఉంటున్న నాకు కుర్రవాళ్లు ఎక్సెల్ ఫైళ్లు పంపి సాయం అడిగినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆకు బరువు అని ఉంటుంది. పచ్చిదా, ఓవెన్‌లో ఎండబెట్టిందా? 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? గింజ బరువు దగ్గర సున్నా. గింజ పట్టలేదనా, తూకం వేయలేదనా? వాయువు పగలే వదిలారా, రాత్రి కూడానా? అడిగితే, "అది చూసినాయన పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయారు సార్" అంటారు. లాప్‌టాప్ కూడా ఆయనతోనే పోయింది!

హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడాలో పైకప్పు లేని చాంబర్లు కట్టి ఆముదం, వేరుశనగ, మినుము లాంటి మెట్ట పంటల్ని 550, 700 పీపీఎంల దగ్గర పెంచి చూశారు. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలవడం మొదలెట్టినప్పుడు గాలిలో ఈ వాయువు 315 పీపీఎం దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు 420 దాటింది. మన మనవలు పీల్చబోయే గాలిలో పంట ఎలా ఉంటుందో చెప్పే అంకెలవి. ఆ పంటకాలం మళ్లీ రాదు, ఆ ఖర్చు మళ్లీ ఎవరూ ఇవ్వరు.

పంచుకుంటే ఏమొస్తుందంటారా? 2014లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి. జపాన్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో 7 చోట్ల చేసిన ఇలాంటి ప్రయోగాల ఫలితాలు ఒకచోట చేరిస్తే, ఈ వాయువు పెరిగినప్పుడు గోధుమలో జింకు 9 శాతం, వరిలో 3 శాతం మేర తగ్గుతుందని తేలింది. అన్నమే ఆధారమైన మన ఇళ్లకు ఇది చిన్న కబురు కాదు. ఒక్క చేను లెక్కతో ఆ మాట అంత గట్టిగా చెప్పగలిగేవారా?

అమెరికాలోనే డ్యూక్ అడవిలో ఈ వాయువు ఎక్కించినప్పుడు చెట్లకు వచ్చిన అదనపు పెరుగుదల ఏళ్ల తరబడి నిలిచింది, ఓక్‌రిడ్జ్‌లో నత్రజని చాలక తగ్గిపోయింది. రెండు చోట్ల డేటానూ ఒక పద్ధతిలోకి తెచ్చాకే 11 కంప్యూటర్ మోడళ్లను వాటితో పోల్చి చూడగలిగారు. ఓక్‌రిడ్జ్‌లో కర్బన డేటా దాచిన కేంద్రం 2017లో మూతపడితే, అక్కడి దస్త్రాలను వేరే భాండాగారానికి తరలించారు. అక్కడ ఆ జాగ్రత్త ఉంది.

కాగితానికి తిరిగి వెళ్లమని నేననడం లేదు. మా రిజిస్టర్లూ ఎన్నో బీరువాల్లోనే చెదలపాలయ్యాయి. మిగిలింది నలుగురికీ అందినదే. మా చెన్నై నుంగంబాకం అబ్జర్వేటరీలో 1822 నుంచి 1843 దాకా రాసిన వాతావరణ రిజిస్టరును 1844లో అచ్చు వేశారు, ఈనాటికీ చదువుకోవచ్చు. ఇప్పుడు మనకు 2012 నుంచి జాతీయ డేటా విధానం ఉంది, వ్యవసాయ పరిశోధనకు కృషి పోర్టల్ ఉంది. లేనిది రాసే ఓపిక.

ఈ ఖరీఫ్‌లో చాంబర్లు నడిపే పిల్లలారా, కొలత ప్రమాణం, తేదీ రాసే పద్ధతి, వాయువు వదిలిన వేళలు, చెడిపోయిన రోజులు కోతకు ముందే ఒక పేజీలో రాసి ఫైలుతో పాటే పోర్టల్‌లో పెట్టండి. గైడ్లు కూడా ఆ పేజీ చూడందే థీసిస్ మీద సంతకం చేయకండి.