బ్లీచింగు ముగ్గు కాదర్రా

మొన్న మా మనవరాలి నర్సింగ్ కాలేజీలో మాక్ డ్రిల్ జరిగింది. కొందరు పిల్లలు చేతులకి ఎర్రరంగు పూసుకుని పడుకుంటే, ఇంకొందరొచ్చి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చీటీలు కట్టారట. ఎరుపైతే ముందు చూడాలి. నలుపైతే ఇక చూడక్కర్లేదు. "ట్రయాజ్ అంటారు అమ్మమ్మా" అంది. అవనిగడ్డలో ఆ పని మేం చీటీల్లేకుండానే చేశాం అన్నాను. "మళ్ళీ మొదలెట్టావా" అంది. మొదలెట్టాను మరి.

1977 నవంబరు 19, శనివారం దివిసీమ మీద ఉప్పెన పడింది. నాకప్పటికి నర్సు ఉద్యోగంలో రెండేళ్ళు నిండలేదు. బెజవాడ నుంచి లారీ వెనక కూర్చోబెట్టి పంపారు. ఉయ్యూరు దాటాక అడుగడుక్కీ చెట్లు అడ్డం. మగవాళ్ళు దిగి గొడ్డళ్ళతో నరుకుతుంటే మేం స్టెరిలైజరు, కిరసనాయిలు స్టవ్వు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మోపిదేవి వచ్చేసరికి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోక తప్పలేదు. చచ్చిన గొడ్లు, ఇంకా తీయని మనుషులు. పోయినవాళ్ళు పదివేల పైచిలుకని సర్కారు లెక్క. ఆ చుట్టుపక్కల వాళ్ళెవరూ ఆ లెక్కని నమ్మరు.

అవనిగడ్డ శిబిరానికి మొదట వచ్చినతను చొక్కా విప్పాడు. ఛాతీ, చేతుల లోపలివైపు, తొడలు ఒలిచినట్టున్నాయి. వీపు మీద మాత్రం గీత కూడా లేదు. రాత్రంతా తాటిచెట్టుని కావలించుకుని ఉన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళకీ అక్కడే గాయాలు. 1970లో తూర్పు బెంగాల్లో ఉప్పెన వచ్చినప్పుడు డాక్టర్లు ఇవే గాయాలు చూసి, వాటికో పేరు కూడా పెట్టారని చాలా ఏళ్ళకి చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా కాచి చల్లార్చిన నీళ్ళతో కడగడం, పట్టకారుతో తాటి బెరడు నలుసులు ఒక్కొక్కటీ తీయడం, టీటీ వేయడం. కన్న కొడుకు చెయ్యి జారిపోయిందని చెబుతూనే ఉన్నాడతను. నలుసు తీస్తున్నప్పుడు అబ్బా అనలేదు.

ఇప్పటి పిల్లలకి సిరంజి చించి వాడి పారేసేది. మాకు గాజు సిరంజి, మరిగించిన సూది. మొద్దుబారితే రాతి మీద సానపెట్టేవాళ్ళం. ఇక్కడ గొప్పలకి పోను. వరస పెద్దదైతే మరిగించే తీరిక కూడా ఉండేది కాదు. ఆ సూదులు ఎవరి నుంచి ఎవరికి ఏం చేరవేశాయో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. వందలమందికి కలరా ఇంజెక్షన్లు పొడిచాం. ఆ ఇంజెక్షను పెద్దగా ఆపేదేమీ లేదని అప్పటికే పైవాళ్ళకి తెలుసట. ప్రాణం పోసేది లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి చూపించాడు. ఆ కబురు మా దాకా రావడానికి ఏళ్ళు పట్టింది.

కాని బ్లీచింగు వాడకం మాకు తెలుసు. బావిలో నీళ్ళెన్నో కొలిచి, మందు బకెట్లో కలిపి, తేరాక పైనీళ్ళు దించి, గంట ఆగమని చెప్పి, ఎవరూ చేద వేయకుండా అక్కడే కాపలా కూర్చునేవాళ్ళం. ఇప్పుడో? పెద్దమనిషి వస్తున్నాడంటే రోడ్డుకి రెండు వైపులా తెల్లగా గీత పోస్తారు, సంక్రాంతి ముగ్గులాగా. అది తాగే నీళ్ళలో కలపాల్సిందర్రా అంటే, చాదస్తం అంటారు.

హెచ్చరికల సంగతిలో మాత్రం నోరు మూసుకోవాలి. 1990 మే 9న మళ్ళీ మన తీరం మీదికే పెద్ద తుఫాను వచ్చింది. జనాన్ని ముందే తరలించడంతో పోయినవాళ్ళు వెయ్యికి లోపే. మా రోజుల్లో రేడియో చెప్పినా లేచి ఎక్కడికి పోవాలి? గట్టి డాబా ఏదీ?

నా సణుగుడు వేరే దాని మీద. ఆ ఉప్పెనప్పుడు మా శిబిరానికి ఒక నర్సమ్మ వచ్చింది, లంక ఊళ్ళలో పనిచేసే ఆవిడ. రిజిస్టరు ఉప్పెనలో పోయింది. ఒక మూల కూర్చుని వేళ్ళు మడుస్తూ చెప్పింది: ఫలానా వాళ్ళ కోడలికి తొమ్మిదో నెల, పక్కింటామెకి ఏడు, చివరింటి ముసలాయన మంచం మీంచి లేవలేడు. ఆవిడ చెప్పిన వరసలోనే మనుషుల్ని వెతికాం.

ఇక ఈమధ్య సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడంతా కృష్ణ మీది బ్యారేజీ కేసి చూస్తుంటే (మర్నాడు 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయింది, అంత నీరు ఎన్నడూ లేదు) బుడమేరు వాగు వెనకనుంచి వచ్చి మా సింగ్‌నగర్‌ని ముంచింది. మేముండేది రెండో అంతస్తు. పైన డ్రోన్లు తిరిగాయి, కింద పడవలు తిరిగాయి, పులిహోర పొట్లాలొచ్చాయి, పాల ప్యాకెట్లొచ్చాయి. కాదనను. మూడో రోజు కింది వాటా అబ్బాయి మెట్లెక్కి వచ్చి, "మామ్మగారూ, నాన్నకి ఇన్సులిన్, ఫ్రిజ్ పనిచేయట్లేదు" అన్నాడు. నాలుగేళ్ళుగా ఒకే మెట్లు దిగుతున్నాం. ఆయనకి షుగరని నాకు తెలీదు, నేను నర్సునని వాళ్ళకి తెలీదు! సీసా కవరులో చుట్టి మట్టి కుండలో పెట్టి, కుండకి తడిగుడ్డ కట్టి, కిటికీ దగ్గర గాలికి పెట్టించాను.

ఇదంతా విని మనవరాలు ఊరుకోలేదు. ఆదివారం పూట నోటుపుస్తకం పట్టుకుని మా మెట్ల మీద వాటా వాటాకీ తిరిగింది. ఎవరికి షుగరు, ఎవరికి డయాలసిస్, ఎవరు కడుపుతో ఉన్నారు, ఎన్నో నెల. చివరికి మా గడపలో నిలబడి రాసింది: "రెండో అంతస్తు, మోకాళ్ళ నొప్పులు, దింపడానికి ముగ్గురు కావాలి."

ముగ్గురెందుకే, ఇద్దరు చాలు, దిద్దు అన్నాను.