సర్వే మామ

కళ్యాణదుర్గం పక్కనైనా ఉరవకొండ పక్కనైనా ఊరికొక సర్వే మామ ఉంటాడు. శనక్కాయ పంట పోయిన ఏడు జనమంతా మూటలు కట్టుకుని బెంగళూరు బస్సెక్కుతుంటే, ఆయన మాత్రం అరుగు దిగడు. "తొందరపడితే ఎట్లప్పా? ముందు మార్కెట్ చూడల్ల" అంటాడు. నలభై దాటిన వయసు, జేబులో మడతపెట్టిన నోటుబుక్కు, చెవి మీద పెన్ను. ఉద్యోగాల గురించి ఆయనకు తెలియనిది లేదు. చేసినవి మాత్రం తక్కువ.

బళ్లారి చూసి ఎండ ఎక్కువన్నాడు. శ్రీసిటీ చూసి అరవం రావాలన్నాడు. బెంగళూరు చూడకుండానే బాడుగలు విని వెనక్కి తగ్గాడు. ఈసారి ఆయన కన్ను సోమందేపల్లి మీద పడింది.

పడటంలో తప్పేమీ లేదు. ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. ఇటు హిందూపురం, అటు పెనుకొండ. బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే బెంగళూరు పొలిమేర. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ పెడతామని కియా వాళ్లు ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నది 2017 ఏప్రిల్‌లో. 2019 డిసెంబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు తీసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ అని పేపర్లో చదివిన రాత్రి సర్వే మామకు నిద్ర పట్టలేదు. లేచి లెక్క వేశాడు. ఏడాదికి 3 లక్షలంటే రోజుకు 822. కారుకు నాలుగు టైర్లు, స్టెప్నీతో ఐదు. టైరుకు ఒక మనిషి చొప్పున వేసుకున్నా 4,110 మంది.

"ఇంకా స్టీరింగు కాడికి రాలేదు" అన్నాడు పెళ్లాంతో.

ఫ్యాక్టరీ అంటే మనిషికొక టైరు పట్టుకుని వరసలో నిలబడతారని ఆయన ఊహ. వెల్డింగు పని రోబోలు చేస్తాయని ఎవరో చెబితే, "రోబోలకు ఆయిలు పోసేటోళ్లు కావల్ల గదా" అని ఇంకో పేజీ తిప్పాడు.

సోమందేపల్లికి పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు, బాడుగ ఇంట్లో సంపు ఎట్లుందో చూడటానికి ఒక మనిషి కావాలి కాబట్టి. ఆమెను ఒక చేనేత వీధిలో దూరపు బంధువుల ఇంట్లో వదిలి తాను ఊరి మీద పడ్డాడు.

ఆయన పద్ధతులు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. టు-లెట్ బోర్డులు లెక్కపెడతాడు. బోర్డులు తక్కువుంటే ఊళ్లో పనులున్నట్టు, ఎక్కువుంటే ఉన్నవాళ్లు పోతున్నట్టు. తరువాత రూముల ముందు విడిచిన పాదరక్షలు చూస్తాడు. ఒకే గడప ముందు ఆరు జతల సేఫ్టీ షూలు కనబడితే ఆగి రాసుకుంటాడు. అట్లా ఒక గది ముందు వంగి చూస్తుంటే లోపలి నుంచి ఒక పిల్లోడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"ఎవురు కావల్లన్నా?"

"ఎవురూ వద్దు, ఊరికే చూస్తాండా. ఎంతమంది ఉండారు ఈడ?"

"పన్నెండు మంది."

"షూలు ఆరు జతలే ఉండాయే?"

"మిగతా ఆర్మంది షిఫ్టులో ఉండారు. వాళ్లు వస్తే మేము పోతాం. చాపలు అవే."

నిజం చెప్పాలంటే ఇది చిన్న సంగతి కాదు. ఒక చాప ఇరవైనాలుగ్గంటలూ చల్లారకుండా ఉందంటే ఊళ్లో పనీ ఉంది, జీతంలో ఒక గది మొత్తం తీసుకునే సత్తువ లేకపోవడమూ ఉంది. సర్వే మామ మొదటి సగమే రాసుకున్నాడు.

టీ అంగడి దగ్గర ఆయన తన బ్రహ్మాస్త్రం బయటికి తీశాడు. రాష్ట్రంలో పరిశ్రమలు 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో అసెంబ్లీ చట్టం చేసింది. అర్హత ఉన్నవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని కూడా అందులో ఉంది. ఇది విన్నప్పటి నుంచి, తనకు ఏ పనీ రాకపోవడమే తన అర్హత అని మామకు గట్టి నమ్మకం.

"నన్ను తయారు చేసే బాధ్యత వాళ్లదప్పా. మూడేళ్లు టైముంది."

టీ కాచేటాయన గ్లాసు కడుగుతూ అడిగాడు. "అది స్థానికులకు గదా సార్. మీదే ఊరు?"

"కళ్యాణదుర్గం పక్కన. ఒకే జిల్లా!"

"2022 ఏప్రిల్ 4 నాడే విడిపోయినాం గదా సార్. మాది శ్రీ సత్యసాయి జిల్లా, కలెక్టరు పుట్టపర్తిలో ఉంటాడు. మీది అనంతపురం."

పాలివాటాలు పంచుకున్న అన్నదమ్ముడిని చూసినట్టు చూశాడు మామ. టీ డబ్బులిచ్చి, రేటు రాసుకుని లేచాడు.

మరునాడు గోరంట్ల మండలం పాలసముద్రం బయల్దేరాడు. అక్కడ కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ ఉంది, 2024 జనవరిలో ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించాడు. గేటు ముందు నిలబడి లోపలి చెట్లు చూసి "తోట పని" అని రాసుకుంటుంటే, మేకల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఆగిపోయాడు.

"ఏం రాసుకుంటాండావు నాయనా? మళ్లీ భూములు పోతాయా?"

ఆ పెద్దాయన భయానికి కారణముంది. 2008 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జి హబ్బు పేరుతో 8,800 ఎకరాలకు పైగా భూమి పోయింది. ఉద్యోగాలొస్తాయన్నారు. హబ్బు రాలేదు. ఆ పక్క నోటుబుక్కు పట్టుకుని తిరిగే మనిషిని ఎవరూ నవ్వుతూ పలకరించరు. "నేను పని చూసుకునేకి వచ్చినా పెద్దాయనా" అంటే ఆయన నమ్మలేదు. పని కావాల్సినోడు రాసుకుంటాడా, అడుగుతాడు గదా అన్నాడు.

మధ్యాహ్నం సోమందేపల్లికి తిరిగొచ్చి, బంధువుల పక్కింట్లో మగ్గం చప్పుడు విని లోపలికి తొంగి చూశాడు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతాయన తల ఎత్తలేదు. పైన జాకార్డు అట్టలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఎర్ర పట్టు అంచులో జరీ హంస మెడ దాకా వచ్చి ఆగింది. ధర్మవరం పేరు మీద అమ్ముడుపోయే చీర.

"నెలకెంత వస్తాదన్నా?"

"చీర దిగితే వస్తాది."

"నెలకెన్ని దిగుతాయి?"

"షావుకారు పట్టు ఇచ్చినన్ని."

"ఇయ్యకుంటే?"

"కూసోని మాట్లాడతాం. ఇప్పుడు నీతో మాట్లాడినట్ల."

హంసకు ముక్కు వచ్చేదాకా నిలబడి, "చేనేత: పని ఉంది, జీతం లేదు" అని రాసుకున్నాడు మామ. ఆయన నోటుబుక్కులో నేను ఒప్పుకునే వాక్యం అదొక్కటే.

చివరికి కూలీలను సరఫరా చేసే ఒక ఏజెన్సీ గదికి పోయాడు. బయోడేటాలు పట్టుకున్న కుర్రాళ్లు మెట్ల దాకా వరస కట్టి ఉన్నారు. ఐటీఐ వాళ్లు, డిప్లొమా వాళ్లు, అందరివీ పాతికలోపు వయసులే. మామ వరసను దాటుకుని నేరుగా టేబుల్ ముందుకు పోయాడు.

"మీ దగ్గర చేరినోళ్లల్లో ఏడాది లోపల ఎంతమంది మానేస్తాండారు? పీఎఫ్ ఏ తారీఖున కడతాండారు? ఓటీ డబులా, సింగిలా?"

కుర్చీలో ఉన్నాయన లేచి నిలబడ్డాడు. "సార్, లేబరాఫీసు నుంచి వస్తిరా? ముందు కూసోండి సార్. రేయ్, సార్‌కు బాదంపాలు తేపో."

మామ కాదనలేదు. బాదంపాలు తాగాడు, ఇంకో నాలుగు ప్రశ్నలడిగాడు, రిజిస్టరు కూడా తిరగేశాడు. వరసలో నిలబడిన కుర్రాళ్లకు ఆ ప్రశ్నల జవాబులు కావాలి గానీ వాళ్లు అడిగితే బాదంపాలు రావు. వచ్చేటప్పుడు ఏజెన్సీ ఆయన మెట్ల దాకా వచ్చి సాగనంపాడు. ఉద్యోగం సంగతి అడగడం మామ మర్చిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర తన తీర్పు వినిపించబోయాడు. "అన్నీ చూసినా. ఈడ మార్కెట్..."

"నాకు రేపు ఏడుకు బస్సు" అంది పెళ్లాం.

"ఏం బస్సు?"

"హిందూపురం గార్మెంట్స్‌ది."

ఆయన పాదరక్షలు లెక్కపెడుతున్న రెండు రోజుల్లో ఆమె పక్కింటి ఆడవాళ్లను రెండే మాటలడిగింది. బస్సు ఎన్ని గంటలకు, పిల్లోళ్ల బడి యాడ. వాళ్లతో పాటే బస్సెక్కి పోయింది. కుట్టుమిషను తొక్కడం వచ్చా అంటే, పాతికేళ్లుగా ఊరి రవికలన్నీ తానే కుడుతున్న మనిషి కాబట్టి ఊఁ అంది.

"పీఎఫ్ అడిగితివా?" అన్నాడు మామ.

"కాగితమిచ్చినారు. నువ్వే సదువు, పొద్దుపోతాది."

పొద్దున బస్సు వచ్చింది. మామ రోడ్డు పక్కన నిలబడి ఎక్కుతున్న ఆడవాళ్లను లెక్కపెడుతున్నాడు. ముప్పైనాలుగు దగ్గర కిటికీలోంచి ముప్పైమూడో ఆమె అరిచింది.

"ఇంగ లెక్కబెట్టింది సాలు గానీ ఇంటికి పో. పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా!"