బాగానే ఉంది గానీ...

ఊరికొక పాత పెట్రోలు జీపు ఉంటుంది. ఆ జీపుకొక బాబాయ్ ఉంటాడు. మా భీమవరం వైపు అయితే తెల్ల పంచె మీద గ్రీజు మరకతో కనిపిస్తాడు. హైదరాబాదులో అయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ముందే మానేసి, ఆరు జేబుల ప్యాంటు మీద అదే మరకతో కనిపిస్తాడు. ఇద్దరూ వెతికేది మాత్రం ఒక్కటే: జీపుకి మంచి కార్బురేటర్. వెతుకుతారన్నాను, కొంటారనలేదు.

మా బాబాయ్ జీపు సీజే-3బీ. బానెట్టు మరీ ఎత్తుగా ఉంటుంది చూడండి, అదే. హరికేన్ ఇంజన్ పాత బానెట్టు కింద పట్టకపోతే, విల్లీస్ వాళ్లు ఇంజన్ని తగ్గించకుండా బానెట్టునే పెంచి 1953లో దించిన బండి. 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశానికి తెచ్చిన మహీంద్రా వాళ్లు ఈ మోడల్ని పట్టుకుని, అమెరికాలో ఆపేశాక కూడా ఏళ్ల తరబడి వదల్లేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "బండి ఎలా ఉంది బాబాయ్?" అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు 1947లోనే మొదలవుతుంది. ఈ ఏడాదికొచ్చేసరికి టీ చల్లారిపోతుంది.

ఈ ఏడాది సంగతేమిటంటే, ఇంజన్ వేడెక్కగానే మిస్సింగ్ కొడుతోంది. కార్బురేటర్లోంచి ఫట్‌మని తుమ్మి ఆగిపోతోంది. కాబట్టి కార్బురేటర్ మార్చాలి. ఈ 'కాబట్టి' దగ్గర ఆగి ఆలోచించినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఏది వెయ్యాలి? పుట్టుకతో వచ్చింది కార్టర్ వైఎఫ్. "కంపెనీ వాడు ఏది పెట్టాడో అదే పెట్టాలిరా, లేకపోతే బండి ఉసురు తగుల్తుంది" అంటాడు. సరే, పాత కార్టర్ ఒకటి సంపాదిస్తే థ్రాటిల్ షాఫ్ట్ పట్టుకుని కదిపి చూస్తాడు. అరిగి ఊగుతోంది. ఆ సందులోంచి దొంగగాలి లాగితే ఐడ్లింగ్ నిలవదు. పోనీ కొత్త కిట్టు తెస్తే డయాఫ్రం రబ్బరు సాగదీసి, "ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. ఈ రబ్బరు తట్టుకుంటుందంటావా?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన వేసే ప్రతి ప్రశ్నా న్యాయంగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

సోలెక్స్ ఉంది. చవక. మేస్త్రీలందరి చెయ్యీ దాని మీద తిరిగిందే. బెజవాడ ఆటోనగర్లో అడిగితే చేతిలో పెడతారు. ఇన్ని సుగుణాలు ఒకే చోట కనబడితే బాబాయ్‌కి అనుమానం. "బాగానే ఉంది గానీ, ప్రతివాడి బండికీ అదేగా!"

వెబర్ 32/36 పేరెత్తితే మాత్రం కాస్త కుర్చీ ముందుకి జరుపుకుంటాడు. దానికి రెండు గొంతులు. నెమ్మదిగా పోతే 32 మిల్లీమీటర్లది పనిచేస్తుంది, గట్టిగా తొక్కితే 36ది కూడా తెరుచుకుంటుంది. కానీ హరికేన్ ఇంజన్లో ఇన్లెట్ మానిఫోల్డు విడిగా ఉండదు, హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. కొత్తది కూర్చోవాలంటే అడాప్టర్ ప్లేటు చేయించాలి, లింకేజీ మార్చాలి. లేతు పనివాడు రేపు రమ్మన్నాడు. బాబాయ్ ఆ రేపు కోసం ఎదురుచూడ్డం మానేసి, "ఇటలీ సరుకు మన ఎండలకి ఆగుతుందా?" అనడం మొదలెట్టాడు.

ఎవరో జిప్సీది పెట్టమన్నారు. మొదట్లో వచ్చిన జిప్సీ ఇంజన్ 970 సీసీ, ఈ జీపుది 2199. "ఏ మూలకి సరిపోతుందిరా?" అని నవ్వేశాడు. "డీజిల్ ఇంజన్ వేసెయ్ మావయ్యా, అసలు కార్బురేటరే ఉండదు" అన్న మేనల్లుడితో సంక్రాంతి దాకా మాటల్లేవు.

ఇవన్నీ దాటి ఏదైనా నిలబడినా, చివర్లో వాలు పరీక్ష ఉంటుంది. కార్బురేటర్ లోపల పెట్రోలు మట్టాన్ని తేలే ఫ్లోటు చూసుకుంటుంది. బండి నిటారుగా ఎక్కినా, ఓ పక్కకి ఒరిగినా ఆ మట్టమూ వాలుతుంది. ఫ్లోటు లెక్క తప్పి పెట్రోలు పొంగనైనా పొంగుతుంది, జెట్టుకి అందకనైనా పోతుంది. "మారేడుమిల్లి ఘాట్లో, అడవి మధ్యలో ఆగిపోతే?" అంటాడు బాబాయ్, చెయ్యి ఏటవాలుగా పెట్టి. ఈ జీపు ఈమధ్య ఎక్కిన అతి పెద్ద కొండ మా ఊరి రైల్వే ఓవర్‌బ్రిడ్జి.

బంధువుల గృహప్రవేశంలో, పీటల మీద వ్రతం నడుస్తుండగా, ఆయన జేబులోంచి రుమాలు తీసి మడత విప్పాడు. లోపల చిటికెన వేలి గోరంత ఇత్తడి జెట్టు. ఓ కన్ను మూసి, జెట్టుని ట్యూబులైటుకి ఎత్తి చూసి, నా చేతిలో పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"లైటు, బాబాయ్."

"ఉండాల్సినదానికన్నా పెద్దగా కనిపిస్తోంది. ఎవడో కడిగేటప్పుడు తీగ పెట్టి పొడిచాడు. చిల్లు పెరిగింది. ఇంక ఇది తాగినంత పెట్రోలు ఏనుగు కూడా తాగదు."

వెనకనుంచి పిన్ని అంది: "ఏమండీ, ఆ రుమాలుతో హారతి దగ్గరికి మాత్రం వెళ్లకండి."

మొత్తానికి, ఇంటిల్లిపాదీ పోరగా జీపుని ట్రాలీ మీద ఎక్కించి ఆటోనగర్ చేర్చారు. బాబాయ్ ఒళ్లో మూడు కార్బురేటర్లు. మేస్త్రి వాటి వంక చూడనేలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, నల్లగా కాలిన పాయింట్లని గోటితో గీకి, కుర్రాడిని పిలిచి కొత్త కండెన్సరు తెమ్మన్నాడు. పాయింట్లు రుద్ది, కండెన్సరు మార్చి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ అందుకుంది. వేడెక్కింది. తుమ్మలేదు. ఆటోనగర్ చుట్టూ తిరిగొచ్చినా తుమ్మలేదు.

"కరెంటు జబ్బండి బాబాయ్‌గారూ. పెట్రోలు జబ్బు కాదు."

బాబాయ్ మొహం వాడిపోయింది. ఒళ్లో ఉన్న మూడింటినీ ఓసారి తడుముకున్నాడు. "అయితే, ఇవి అక్కర్లేదంటావా?"

మేస్త్రి ఇలాంటి బాబాయ్‌లని చాలామందిని చూసినవాడు. "అక్కర్లేదని నేనెక్కడన్నానండీ? తీరిగ్గా చూసుకుందాం."

బాబాయ్ కొంచెం తేరుకున్నాడు. బల్ల మీదున్న కండెన్సరు ఖాళీ అట్టపెట్టె అందుకుని, కళ్లజోడు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పనిచేస్తే చేసింది. బాగానే ఉంది గానీ, ఏ కంపెనీదయ్యా ఇది? ఒరే అబ్బాయ్, మూడు టీలు చెప్పు."