వంద కేబీ సార్

కండ్లకోయ నుంచి శామీర్‌పేట దాకా ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. బిట్స్ పిలానీ, నల్సార్ లాంటి పెద్ద పేర్ల సంగతి పక్కన పెట్టండి. బస్సుల మీద పేరు పెద్దక్షరాల్లో రాయించుకునే మామూలు కాలేజీల మాట చెబుతున్నాను. అలాంటి ప్రతి కాలేజీలోనూ ఒక సర్వర్ సార్ ఉంటాడు. ఆయన పాఠం చెప్పడు. కానీ ఆయన దయ లేనిదే ఎవరు చెప్పిన పాఠమూ పిల్లల ఫోన్లోకి దిగదు. రిజిస్టర్లో ఆయన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ఎదురుగా ఉంటే 'సర్వర్ సార్'. అటు తిరిగితే 'వంద కేబీ'.

మనిషిని గుర్తుపట్టడం తేలికే. మెడలో ఐడీ కార్డు, అదే తాడుకు సర్వర్ గది తాళంచెవి, చొక్కా జేబులో టెస్టర్. నడి వేసవిలోనూ స్వెటర్ వేసుకుంటాడు, ఎందుకంటే కాలేజీలో రాత్రింబవళ్లు ఏసీ నడిచేది ఆయన గదిలోనే. అది మిషన్ల కోసమే అంటాడాయన. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు పట్టుకుని అక్కడికి చేరే లెక్చరర్లు ఆ మాటకు తలూపుతూనే మూతలు తీస్తారు.

ఉండేది తూంకుంటలో. ఔటర్ రింగు రోడ్డు మీద కార్లు గంటకు 120 కిలోమీటర్ల దాకా పోవచ్చు. టూవీలర్లను పైకి రానివ్వరు కనుక సార్ స్కూటర్ సర్వీసు రోడ్డు పట్టుకుని నలభైలో వస్తుంది. పైన దూసుకుపోయేవాళ్లను చూస్తే ఆయనకు అసూయ లేదు. 'పోనీయండి, దిగేకాడ టోల్ లైన్ల దొరుకుతరు' అంటాడు. ఆయన సిద్ధాంతం మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది.

సార్ కాపలా కాసే సొత్తు స్టాటిక్ ఫైళ్లు. సిలబస్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు, రికార్డు చేసిన క్లాసులు, ల్యాబ్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్లు. ఎవరడిగినా ఉన్నదున్నట్టు పంపడమే సర్వర్ పని. మొదట్లో ఇదంతా అపాచీ మీద నడిచేది. అందులోని పాత పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ అంటిపెట్టుకుని కూర్చోవాలి. డౌన్‌లోడ్ నిదానమైతే ఆ ప్రాసెస్ అంతసేపూ కట్టుబడి ఉంటుంది. వందమంది నిదానంగా తీసుకుంటే మిషన్‌కు ఆయాసం వచ్చేది. అందుకని సార్ ఇంజిన్‌ఎక్స్‌కు మారాడు. ఒకే సర్వర్ ఒకేసారి పదివేల కనెక్షన్లు మోయగలదా అన్న చిక్కుకు జవాబుగా ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ 2002లో రాయడం మొదలుపెట్టి 2004లో లోకానికి వదిలిన సాఫ్ట్‌వేర్ అది. కొన్ని ప్రాసెస్‌లే వేల కనెక్షన్లను చూసుకుంటాయి, కాబట్టి ఎంత నిదానంగా పంపినా దానికి బరువుండదు. ఇక సార్‌కు పట్టపగ్గాల్లేవు. కాన్ఫిగ్ ఫైల్లో 'లిమిట్ రేట్ 100కె' అని ఒక్క వరుస కొట్టాడు. ఆ రోజు నుంచి పిల్లల్లో ఎవరికైనా సెకనుకు వంద కిలోబైట్లే.

ఈ వరుస పుణ్యమా అని ఆ గది గుమ్మంలో రోజూ ఇలాంటి సంభాషణ నడుస్తుంది.

'సార్, వీడియో దిగుతలేదు సార్.'

'దిగుతలేదా, నిదానంగ దిగుతున్నదా?'

'నిదానంగ సార్.'

'మరి దిగుతలేదని ఎందుకంటవ్? ఫైలెంత?'

'ఏడొందల ఎంబీ సార్. రెండు గంటలు చూపిస్తుంది.'

సార్ క్యాలిక్యులేటర్ ముట్టుకోడు. 'సెకనుకు వంద కేబీ. ఏడువేల చిల్లర సెకండ్లు. రెండు గంటలకు జర తక్కువనే. కరెక్టే చూపిస్తున్నది పో.'

ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడు లెక్క సరిపోయిందన్న తృప్తితో వెనక్కి వెళ్తాడు.

పిసినారి అని తిట్టేవాళ్లు సెమిస్టర్ పరీక్షల ముందురోజు రాత్రి ఆ గదిలో ఒక గంట కూర్చోవాలి. కాలేజీ లైను 100 ఎంబీపీఎస్. అవి బిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు తేలతాయి. వంద కేబీల చొప్పున పంచితే సరిగ్గా 125 మందికి వస్తుంది. లిమిట్ లేకపోతే, మంచి ఫైబర్ ఉన్న ఇంట్లో కూర్చుని నలుగురు కుర్రాళ్లు మొత్తం లాగేస్తారు, మిగతా ఊరంతా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటుంది. ఆ రాత్రి మాత్రం ట్రస్టీగారి మేనల్లుడికీ వంద కేబీయే, అటెండర్ కూతురికీ వంద కేబీయే. తెల్లారేలోగా పాత ప్రశ్నపత్రం అందరి చేతిలో ఉంటుంది. చదివారా లేదా అన్నది సర్వర్ పరిధిలోకి రాదు.

సార్‌కు దయ లేదనీ అనలేం. 'లిమిట్ రేట్ ఆఫ్టర్' అని ఇంకో వరుస ఉంది. మొదటి ఐదొందల కేబీ పూర్తి వేగంతో పంపి, ఆ తర్వాతే పగ్గం వేస్తుంది. చిన్న పీడీఎఫ్‌లు చిటికెలో దిగిపోతాయి. పెద్ద వీడియో అడిగినవాడే దెబ్బ తింటాడు. శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద వెంచర్ల వాళ్లదీ ఇదే పద్ధతి. అడ్వాన్స్ చేతిలో పడేదాకా ఏసీ కారు, బిర్యానీ. పడ్డాక ఫోన్ మోగుతూనే ఉంటుంది.

సార్ జీవితంలో పెద్ద గండం కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారన్నప్పుడు వచ్చింది. ఫైల్లో పెట్టడానికి ఎవరికెంత స్పీడో జాబితా ప్రింటు తీశాడు. పిల్లలకు 100కె, స్టాఫ్ రూముకు 500కె, ప్రిన్సిపాల్ గదికి 0, ఛైర్మన్ గదికి 0. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

'ఏమయ్యా, ముప్పై ఏళ్ల సర్వీసు నాది. నాకు సున్నానా?'

'సార్, సున్నా అంటే లిమిట్ లేనట్టు సార్. ఎంతైనా తీసుకోవచ్చు.'

'నీకు తెలుసు, నాకు తెలుసు. వచ్చే కమిటీకి తెలుసునా? పిల్లలకు వంద, నాకు సున్నా!'

సార్ వాదించలేదు. కీబోర్డు దగ్గరికి లాక్కుని సున్నా తీసి 999కె కొట్టాడు. ప్రిన్సిపాల్ మొహం విప్పారింది. వెంటనే మళ్లీ ముడుచుకుంది. 'మరి ఛైర్మన్ గారికి సున్నా ఉంచితే ఊరుకుంటారా?' ఆయనకు 1000కె అయింది. అంతవరకు హద్దు లేని పెద్దమనుషులిద్దరికీ ఆ సాయంత్రంతో హద్దు పడింది. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు.

పెద్దలతో గెలిచిన సార్ డిప్లొమా పూర్తిచేసి నేరుగా సెకండియర్లో చేరిన ఒక కుర్రాడి చేతిలో ఓడాడు. ఒకరోజు లాగ్ చూస్తుంటే ఒకే అడ్రసు నుంచి పదహారు కనెక్షన్లు కనిపించాయి. పిలిపించాడు.

'ఒక్కనివేనా, పదహారు మందా?'

'ఒక్కణ్నే సార్. డౌన్‌లోడ్ మేనేజర్ ఫైల్‌ను పదహారు ముక్కలు చేసి అడుగుతది.'

లిమిట్ రేట్ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, కనెక్షన్లను. పదహారు వందల కేబీతో వాడి ఏడొందల ఎంబీ ఏడున్నర నిమిషాల్లో దిగిపోయింది. ఇంకా బాధాకరమైన సంగతి, వాడు వచ్చిన దోవ సార్ స్వయంగా చూపించిందే. కరెంటు పోతే డౌన్‌లోడ్ ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుందని ఫ్రెషర్స్ డే నాడు మైకులో చెప్పింది ఆయనే. ఫైల్లో ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా ఇవ్వమని అడిగే ఆ వెసులుబాటునే కుర్రాడు పదహారుసార్లు వాడుకున్నాడు. రూలు అర్థమైనవాడు టీ చల్లారేలోగా ముగించాడు. రూలుకు లోబడినవాళ్లు రెండు గంటలు కూర్చున్నారు.

సార్ ఆ రాత్రి ఇంటికి పోలేదు. తెల్లారేసరికి 'లిమిట్ కాన్' వరుస వచ్చి చేరింది. ఒక ఐపీ అడ్రసుకు ఒకే కనెక్షన్. రెండోది అడిగితే 503, అంటే ప్రస్తుతానికి సేవ లేదని. దొంగ దొరికాడని సార్ ఇడ్లీ తినడానికి బయల్దేరాడు.

దొరికింది దొంగ కాదు. మేడ్చల్ బస్ డిపో దగ్గర ఒక ప్రైవేట్ హాస్టల్. ఎనభై మంది పిల్లలు, అందరికీ ఒకటే వైఫై. లోపల ఎన్ని ఫోన్లున్నా బయటికి కనిపించే ఐపీ అడ్రసు ఒక్కటే. ఎవడో ఒకడు ముందుగా లింకు నొక్కితే మిగతా డెబ్బై తొమ్మిది మందికీ 503. హాస్టల్లో వంతుల పుస్తకం వెలిసింది. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా వంతు పడినవాడు అలారం పెట్టుకుని లేచి లింకు నొక్కేవాడు. ఆ పదహారు కనెక్షన్ల కుర్రాడు మాత్రం ఇంటి దగ్గరుండి చదువుకునే రకం. ఇంట్లో ఫైబర్, రెండు సిమ్‌లు కలిపితే వాడికి అడ్రసులు మూడు.

వారం తిరక్కుండా క్లాస్ సీఆర్ దారి కనిపెట్టింది. ఆమె ఒక్కతే ఫైల్ దింపుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి పొద్దున కాలేజీ బస్సులో ఇస్తుంది. కండ్లకోయ వచ్చేలోగా అది బస్సు ముందు సీటు నుంచి వెనక సీటు దాకా నాలుగు ల్యాప్‌టాప్‌లు తిరిగేది. క్లాసు మొత్తానికి సర్వర్ మీద పడే భారం ఒకే ఒక్క డౌన్‌లోడ్.

నెలాఖరుకు సార్ గ్రాఫ్ తీశాడు. ఎగుడుదిగుడుగా ఉండే గీత నేలకు అంటుకుపోయి ఉంది. దాన్ని కలర్లో ప్రింటు తీయించి, 'లోడ్ గణనీయంగా తగ్గింది' అని కింద రాసి, ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టాడు. ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు. స్టాఫ్ మీటింగులో అందరికీ చూపించాడు. తర్వాత సార్‌ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

'లైబ్రరీలో కూడా రద్దీ బాగా ఎక్కువైందయ్యా. అక్కడ కూడా ఇట్లాంటిదేదన్నా పెట్టరాదూ?'

సార్ అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.